ఎర్ర సిరా ఆగిన రోజు

పదకొండూ పది. గేటు దగ్గర వాచ్‌మన్ నా సంచీ బోర్లించి అందులోంచి అగ్గిపెట్టె ఏరాడు.

"లోపలికి నిప్పు పోకూడదు మేడమ్."

"అది బీడీ ముట్టించుకోడానికి కాదు నాయనా. నమూనాల సంచికి లక్క సీలు వేయడానికి."

"దేనికైనా సరే. చీఫ్ గారి ఆర్డరు."

నా అగ్గిపెట్టె రేకు డబ్బాలో పడింది. అప్పటికే ఆ డబ్బా సగం దాకా లైటర్లూ అగ్గిపెట్టెలే. డబ్బా పైన గోడకి నల్లబోర్డు, దాని మీద సుద్దతో రెండు వరుసలు. 'నిప్పు లేని రోజులు: 211.' దాని కింద 'ఈ నెల టీబీ కేసులు: 0.' ఆ సున్నా చుట్టూ ఎవరో రేకులు గీసి పువ్వుని చేశారు.

ఆ పువ్వు చూడగానే నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఈ కుట్టు ఫ్యాక్టరీలో నాలుగో లైనులో కాలర్లు కుట్టే ఇరవై రెండేళ్ల అమ్మాయి తొమ్మిది రోజుల కిందట పెద్దాసుపత్రిలో టీబీతో చనిపోయింది. ఆ తర్వాత ఆసుపత్రి వాళ్లు ఆ లైనులో అందరినీ పరీక్షిస్తే ఇంకో ఆరుగురికి అదే జబ్బు బయటపడింది. బోర్డు మీద మాత్రం సున్నా, దానికి రేకులు!

నా ఉద్యోగం అంటురోగాల దర్యాప్తు. జబ్బు ఎక్కడ మొదలైంది, ఎవరి నుంచి ఎవరికి పాకింది, మధ్యలో ఎవరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు, ఇవన్నీ తవ్వి తీయాలి. ఆఫీసులో నన్ను కూపీ మేడమ్ అంటారు. నా వెనకాలే అంటారు గానీ నాకు వినబడుతూనే ఉంటుంది. ఇరవై ఆరేళ్లయినా ఈ పనిలో నా కోపం తగ్గలేదు. తగ్గిన రోజు రాజీనామా రాసిచ్చి ఇంట్లో కూర్చుంటాను.

సెక్యూరిటీ చీఫ్ తన గది గుమ్మంలోనే ఎదురొచ్చాడు. పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై ఇక్కడ చేరిన మనిషి. దువ్విన మీసాలు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, నడుముకి అరచెయ్యంత తాళాల గుత్తి.

"మీరు శ్రమ పడాల్సింది ఏమీ లేదు మేడమ్. కేసు నేను ఛేదించేశాను. మనిషిని పొద్దున పిలిపించి గదిలో పెట్టి తాళం వేశాను. నాలుగింటికి పోలీసులొస్తారు, అప్పగిస్తాను. మీరు ఈ కాగితం మీద సంతకం పెట్టి టీ తాగి వెళ్లిపోవచ్చు."

"ఏ మనిషిని?"

"కాజాల పిన్ని. బొత్తాలకి కాజాలు కుడుతుంది, చనిపోయిన అమ్మాయి పక్క మిషనే. ఆమెకి టీబీ ఉందని మొన్న పెద్దాసుపత్రిలో తేలింది. కానీ మా ల్యాబ్‌లో రెండుసార్లు పరీక్ష చేస్తే రెండుసార్లూ లేదనే వచ్చింది. ఎలా?" మీసం సవరించుకున్నాడు. "డబ్బీ మార్చింది. తన కళ్లె బదులు వేరేవాళ్ల కళ్లె ఇచ్చింది. జబ్బు ఉందని తేలితే తగ్గేదాకా గేటు లోపలికి రానివ్వం. ఆ భయంతో దాచి అమ్మాయికి అంటించి చంపింది."

"సాక్ష్యం?"

"కెమెరా ఉంది. మూడు నెలల కిందట, పొద్దున ఎనిమిదీ నాలుగుకి పిన్ని, ఆ అమ్మాయి ఇద్దరూ రెండు ఖాళీ డబ్బీలతో బాత్‌రూమ్‌లోకి వెళ్లారు. ఎనిమిదీ పదకొండుకి రెండు నిండు డబ్బీలతో బయటికొచ్చారు. అమ్మాయికి అప్పటికి దగ్గు లేదు. రెండు డబ్బీల్లోనూ ఆ అమ్మాయిదే."

పోలీసు బుర్ర. పాడు బుర్ర అనను, వరుసగానే ఆలోచించింది. కానీ వరుస సగంలో ఆగిపోయింది.

"మరి అమ్మాయికి రెండో పరీక్ష ఎప్పుడు చేశారు?"

"ముప్పై అయిదు రోజుల కిందట."

"అప్పటికి ఆమెకి దగ్గితే నెత్తురు పడుతోంది కదా?"

"అవును."

"మీ ల్యాబ్ ఏమంది?"

"లేదంది. ఆమె కూడా ఎవరిదో ఇచ్చి ఉంటుంది. పిన్నే నేర్పి ఉంటుంది."

"ఓహో! అంటే ఈ ఫ్యాక్టరీలో కళ్లె అరువిచ్చేవాళ్లు వరుసలో నిలబడి ఉన్నారన్నమాట."

"వెటకారం వద్దు మేడమ్. మా ల్యాబ్ మీద నాకు అనుమానం లేదు. ఏడు నెలల నా మనవరాలే ఇక్కడి పిల్లల గదిలో ఉంటుంది. ఆ గదిలో పనిచేసే ఆయాకి నేనే దగ్గరుండి పరీక్ష చేయించాను. నా ఇంటి పిల్లనే నమ్మి వదిలాక ఇంకేం కావాలి?"

ఇంతలో అతని జేబులో ఫోను మోగింది. పసిపిల్ల కిలకిలా నవ్వే మోత. ఇంత మీసాలాయనకి ఆ నవ్వేమిటో అనుకున్నాను. ఇదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌లో పనిచేసే అతని కూతురు చేసింది. "జ్వరం ఇంకా తగ్గలేదా? పళ్లొస్తున్నాయమ్మా, కంగారుపడకు. నీకూ అంతే చేసింది," అని పెట్టేశాడు.

నాకు ఆ క్షణంలో చెవికెక్కినది ఒక్కటే, ఒక ఆడమనిషి ఎక్కడో తాళం వెనక ఉందని. మిగతా మాటలు జారిపోయాయి. నా కోపమే నా బలమని నేను చెప్పుకుంటూ ఉంటాను. ఆ రోజు అదే నా చెవులు మూసింది.

"పిన్ని ఎక్కడ?"

బట్ట కోత ముక్కల మూటలు పడేసే స్టోరు గదిలో, ఒక మూట మీద కూర్చుని ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. పమిట చెంగు నాలుగు మడతలు వేసి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. గదికి ఒకే కిటికీ. దానికి తాళం.

నేను మాస్క్ బిగించుకుని చీఫ్ వైపు తిరిగాను. "కిటికీ తెరవండి."

"బట్ట దొంగతనాలు మేడమ్. అన్ని కిటికీలకీ తాళాలే."

"కుట్టు హాలుకీనా?"

"అన్నిటికీ అన్నాను కదా."

"నూట ఇరవైమంది పదిగంటల పాటు ఒకరు వదిలిన గాలి ఒకరు పీలుస్తుంటారు. టీబీ గిన్నెలోనో గుడ్డలోనో రాదు సార్, గాలిలో వస్తుంది. ఒకడు దగ్గితే ఆ తుంపర గంటల తరబడి గదిలోనే తేలుతుంది. కిటికీ తెరిస్తే బయటికి పోతుంది, మూస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇది తెలుసుకోడానికి డాక్టరు చదువు అక్కర్లేదు. తాళం తీయండి!"

గుత్తిలో వెతికి తీశాడు. గాలి వచ్చింది. పిన్ని కళ్లు మూసుకుని ఆ గాలి పీల్చుకుంది.

"ఈరోజు మాత్రలు వేసుకున్నారా అమ్మా?"

"లేదమ్మా. మాత్రలు నా సంచిలో ఉన్నాయి. సంచి గేటు దగ్గర తీసేసుకున్నారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు రోజుల కిందటే మందు మొదలైన మనిషి, ఒక్క పూట కూడా తప్పకూడదని ఆసుపత్రిలో పది సార్లు చెప్పి పంపిన మనిషి. చీఫ్ వైపు వేలు చూపించాను. "ఆ సంచి మీరే వెళ్లి మీ చేత్తో తీసుకురండి. వాచ్‌మన్‌ని పంపడం కాదు. మంచినీళ్లు కూడా."

ఏ కళనున్నాడో, మారు మాట్లాడకుండా వెళ్లాడు. నేను పిన్ని పక్కన, కిటికీ వైపు కూర్చున్నాను.

"ఆ అమ్మాయి మీకేమవుతుంది?"

"మా అక్క కూతురు. నేనే పనిలో పెట్టించా. అది పిన్నీ పిన్నీ అని పిలిచి పిలిచి ఫ్యాక్టరీ అంతా నన్ను పిన్నిని చేసింది." చెంగు మడత సరిచేసుకుంది. "నేనే చంపానంటున్నారమ్మా. మా అక్క కూడా నా మొహం చూడట్లేదు."

"డబ్బీ మార్చారా?"

"ఎందుకు మారుస్తా? దగ్గు వచ్చి రెండు వారాలైతే పరీక్ష చేయించుకోమని గోడ మీద రాశారు. నాకు మూడు వారాలైంది, వెళ్లా. దానికి దగ్గు లేకపోయినా, ఒకే గదిలో ఉంటున్నాం కదా, నువ్వూ చేయించుకోవే అని లాక్కెళ్లా. పొద్దున్నే నోరు పుక్కిలించి, ల్యాబాయన చెప్పినట్టు లోపల్నుంచి దగ్గి తీసిచ్చా. అది డబ్బీ చూసి ఛీ అని ఒకటే నవ్వు. నీది నువ్వు, నాది నేను పట్టుకో పిన్నీ, కలిసిపోతాయి అంటూ..." చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "లేదని చీటీ ఇచ్చారు. దగ్గు తగ్గకపోతే నెల కిందట మళ్లీ ఇచ్చా. మళ్లీ లేదన్నారు. పెద్దవాళ్లు లేదన్నాక లేదనే కదమ్మా అనుకుంటాం? దాని పక్కనే పడుకున్నా. ఒకే దుప్పటి."

ఆమె ఏడుస్తుంటే నేను ఓదార్చలేదు. నాకు ఓదార్చడం రాదు. చీఫ్ తెచ్చిన నీళ్ల గ్లాసు అందించి, మాత్రలు మింగేదాకా నిలబడి, పన్నెండూ పదికి ల్యాబ్‌కి నడిచాను.

ల్యాబ్ అంటే మంచం పట్టేంత గది. ఫ్యాక్టరీ డిస్పెన్సరీ వెనక. ల్యాబ్ టెక్నీషియన్ నలభై దాటినవాడు, దళసరి కళ్లద్దాలు, తెల్లకోటు మీద ఒక్క మరక లేదు. రిజిస్టరు నా ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చీఫ్ గుమ్మానికి ఆనుకున్నాడు.

ముత్యాల్లాంటి అక్షరాలు. కొట్టివేత ఒక్కటీ లేదు. ఇలాంటి రిజిస్టరు చూస్తే మా ఆఫీసులో శాలువా కప్పుతారు. నాకు మాత్రం అనుమానం వస్తుంది. ఏ ల్యాబ్‌లోనైనా జబ్బు లేని వరుస నీలం సిరాతో, ఉన్న వరుస ఎర్ర సిరాతో రాస్తారు. మొదటి పేజీల్లో మూడు నాలుగు వారాలకో ఎర్ర వరుస కనబడుతోంది. పేజీలు తిప్పుతూ పోయాను. ఎనభై ఎనిమిదో నంబరు ఎర్రగా ఉంది. ఎనభై తొమ్మిది నీలం. తొంభై నీలం. రెండువందల పది, పిన్నిది, నీలం. రెండువందల పదకొండు, అమ్మాయిది, నీలం. రెండువందల అరవై ఆరు, నెత్తురు కక్కుతున్న అమ్మాయిది, అదీ నీలమే. చివరి నంబరు మూడువందల రెండు.

"రెండువందల పధ్నాలుగు స్లైడ్లు," అన్నాను. "ఒక్కటి కూడా ఎర్రది లేదు. ముందు ఎనభై ఎనిమిదిలో నాలుగున్నాయి. అంతమందీ డబ్బీలు మార్చారంటారా చీఫ్ గారూ?"

"జబ్బు తగ్గుముఖం పట్టింది. మేం శుభ్రత పెంచాం."

"శుభ్రత పెంచితే జబ్బు తగ్గుతుంది గానీ తేదీ చూసుకుని ఒక్క రోజులో మాయమవదు."

గోడ కేలెండరు దించి, ఎనభై ఎనిమిదో నంబరు తేదీ నుంచి ఈ రోజు దాకా వేలు పెట్టి లెక్కపెట్టాను. రెండువందల పన్నెండు రోజులు. ఈ అంకె పక్క అంకె పొద్దున ఎక్కడో చూశాను. ఎక్కడ?

గేటు. నల్లబోర్డు. నిప్పు లేని రోజులు 211.

ఎర్ర సిరా ఆగిన మర్నాడే నిప్పు ఆగింది.

"బాబూ," అన్నాను టెక్నీషియన్‌తో, గొంతు ఎంత తగ్గించాలో అంత తగ్గించి, "ఈ గదిలో ఇదివరకు ఏం వెలిగేది?"

అతని కళ్లు పై అరకి వెళ్లాయి. సీసాల వెనక చిన్న గాజు స్పిరిట్ దీపం. దించి చూశాను. స్పిరిట్ చుక్క లేదు. వత్తి ఎండిపోయి తెల్లగా ఉంది. వేలు పెడితే దుమ్ము అంటింది.

"రంగు వేడి చేయడం ఎప్పుడు మానేశారు?"

"ఆర్డరు వచ్చిన రోజునే మేడమ్." దీపం నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద పెట్టాడు. "ఫ్యాక్టరీలో ఎక్కడా మంట ఉండకూడదన్నారు. దీపం ఎలా అని చీఫ్ సార్‌ని అడిగాను. చల్లగానే కానిచ్చెయ్ అన్నారు."

"చల్లగా చేసే పద్ధతి వేరే ఉంది. దానికి రంగు చాలా చిక్కగా వేరే కలపాలి. కలిపారా?"

"ఆ సీసా కావాలని రాశాను. రాలేదు. ఉన్న సీసాతోనే చేస్తున్నా."

చీఫ్ విసుక్కున్నాడు. "ఒక దీపానికి ఇంత రాద్ధాంతమా? రంగు రంగే కదా!"

"కాదు." నేను రిజిస్టరు బల్ల మీద కొట్టాను. "టీబీ క్రిమికి ఒంటి నిండా మైనం లాంటి పూత ఉంటుంది. ఎర్ర రంగు పోసి, కింద దీపం పెట్టి, ఆవిరి లేచేదాకా వేడి చేస్తేనే ఆ పూత మెత్తబడి రంగు లోపలికి దిగుతుంది. దిగాక యాసిడ్ పోసి కడిగినా పోదు. మిగతావన్నీ రంగు వదిలేస్తాయి, వాటికి పైన నీలం వేస్తారు. నీలంలో ఎర్రటి సన్నపుల్లలు కనబడితే జబ్బు ఉన్నట్టు. వేడి లేకపోతే ఆ పుల్లలూ రంగు వదిలేస్తాయి. స్లైడ్ నిండా క్రిములున్నా కంటికి నీలమే!"

నేను మళ్లీ పేజీ తిప్పాను. ఒకటి అనుమానంగా ఉంది. ఇంత ఒద్దికగా రాసే మనిషికి ఒక్కసారైనా తెలియకపోతుందా? జబ్బు ఉందని ముందే తెలిసిన స్లైడ్ ఒకటి ప్రతి విడతలోనూ మిగతావాటితో పాటు రంగు వేస్తారు. అది ఎర్రగా రాకపోతే ఆ రోజు రంగు చెడిందని అర్థం. కంట్రోల్ స్లైడ్ అంటారు. ఎనభై తొమ్మిదో నంబరు అంచున, చీమల్లాంటి అక్షరాలు దొరికాయి. 'కంట్రోల్ స్లైడ్ నెగెటివ్. పాతబడింది. పారేశాను. కొత్తవి కావాలి.'

ఆ నాలుగు ముక్కలు పైకి చదివాను.

"అది నీకు అబద్ధం చెప్పదయ్యా! రంగు పనిచేయట్లేదు మొర్రో అని మొదటి రోజే అరిచింది. నువ్వు దాన్ని చెత్తబుట్టలో పడేశావు!"

"ఎప్పుడూ పనిచేసే రంగే కదా మేడమ్... స్లైడే పాతబడిందనుకున్నా." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కొత్తవి వస్తే సరిచూద్దామనుకున్నా. రాలేదు. ప్రతి మూడు నెలలకీ పై అధికారి వచ్చి స్లైడ్లు మళ్లీ చూడాలి. వాళ్లూ రాలేదు. అందుకే అన్నీ దాచిపెట్టాను."

ఆ పై అధికారి కుర్చీ మా ఆఫీసులోనే ఉంది, నా గదికి రెండు గదుల అవతల. ఏడాదిగా ఖాళీ. రోజూ ఆ కుర్చీ పక్కనుంచే నడిచి వెళ్తాను. ఒక్కరోజు కూడా ఇది ఎందుకు ఖాళీగా ఉందని నేను నోరు చేసుకోలేదు. కోపం ఎదుటివాళ్ల మీద తెచ్చుకోవడం తేలిక.

"దాచిపెట్టారా? ఎన్ని?"

"అన్నీ, మేడమ్."

బీరువా తెరిచాడు. నంబర్లు వేసిన పెట్టెల్లో, గాడికొకటి చొప్పున, రెండువందల పధ్నాలుగు స్లైడ్లు. ఆ మనిషిని అక్కడే కొట్టాలనీ అనిపించింది, దణ్ణం పెట్టాలనీ అనిపించింది.

"దీపం వెలిగించండి."

"కుదరదు!" చీఫ్ ఒక్క అంగలో లోపలికొచ్చాడు. "ఇది బట్టల ఫ్యాక్టరీ. మీకేం తెలుసు? నిరుడు గోడౌన్‌లో ఒక్క సిగరెట్ పీకకి మంట లేచింది. ముగ్గుర్ని భుజాన వేసుకుని బయటికి తెచ్చినవాణ్ని నేను. మూడోవాడు దారిలోనే పోయాడు. నేనుండగా ఇక్కడ అగ్గిపుల్ల గీయనివ్వను."

చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం ముడుచుకుపోయి ఉంది. నా కోపం ఒక మెట్టు దిగింది. ఒక్క మెట్టే.

"నిప్పు ఆపడం తప్పని నేననలేదు. ఆపాక ఈ గదిలో ఏం ఆగిపోయిందో అడగలేదు, అది తప్పు. ఆయన అడిగితే చల్లగా కానిచ్చెయ్ అన్నారు, అది ఇంకా పెద్ద తప్పు. నాలుగింటికి మీరు పిన్నిని పోలీసులకి అప్పగిస్తారు. ఈ స్లైడ్ ఎర్రబడితే ఆమె డబ్బీ మార్చలేదని తేలిపోతుంది. మీకు నిజం కావాలా, మనిషి కావాలా?"

"ఫ్యాక్టరీ బయట చేసుకోండి."

"మైక్రోస్కోప్ మోసుకుని రోడ్డు మీద కూర్చోమంటారా? నాకు చట్టం ఇచ్చిన అధికారం ఉంది, ఈ గది ఇప్పుడే నా స్వాధీనంలోకి తీసుకుంటాను. మీకంత భయమైతే ఇసుక బకెట్లు తెప్పించండి. మంటలార్పే సిలిండరు పట్టుకుని నా నెత్తి మీదే నిలబడండి."

నిజంగానే నిలబడ్డాడు. ఒంటిగంటా యాభైకి, గేటు డబ్బాలోంచి నా అగ్గిపెట్టె తెప్పించి, డిస్పెన్సరీ స్పిరిట్ పోసి వత్తి వెలిగించాను. నా వెనక ఆరడుగుల మనిషి ఎర్ర సిలిండరు ఎత్తి పట్టుకుని, బొటనవేలు దాని మీట మీద. వేరే రోజైతే నవ్వేదాన్ని.

టెక్నీషియన్ పిన్ని రెండువందల పదో స్లైడ్ తీసి, అప్పట్లో మైక్రోస్కోప్ కింద చూడ్డానికి వేసిన నూనె తుడిచి, ఎర్ర రంగు పోశాడు. కింద దీపం ఆడించాడు. ఆవిరి లేచింది. అయిదు నిమిషాలు. నీళ్లు. యాసిడ్. మళ్లీ నీళ్లు. నీలం. ఆరబెట్టడం. దాంతో పాటే రెండో పరీక్షది, అమ్మాయివి రెండూ. అన్నీ అయ్యేసరికి రెండూ నలభై.

మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టాను. స్లైడ్ మెల్లగా జరిపాను. నీలం. నీలం. నీలం. అక్కడ.

ఎర్రటి సన్నపుల్లలు. రెండు జంటగా, ఒకటి విడిగా, పక్కన ఇంకో గుంపు.

"చూడండి," అని చీఫ్‌కి దారి ఇచ్చాను.

సిలిండరు కింద పెట్టి వంగాడు. చాలాసేపు లేవలేదు. నేను గడియారం చూస్తూ చెప్పుకుపోయాను. "అది మూడు నెలల కిందటి కళ్లె. పిన్నిదే. జబ్బు అందులోనే ఉంది, మీ ల్యాబ్‌కి కనబడలేదు. ఆ రోజే మందు మొదలుపెట్టి ఉంటే రెండు వారాలకల్లా ఆమె నుంచి అంటడం దాదాపు ఆగిపోయేది. రెండువందల అరవై ఆరు కూడా చూడండి, ఆ పిల్లది. దాన్నిండా ఎరుపే. ఎవరు ఎవరికి అంటించారో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ లేదు లేదు అని చీటీలిచ్చి ఇద్దర్నీ కిటికీలకి తాళాలేసిన హాల్లోకి తిప్పి పంపింది ఎవరో చెప్పగలను. ఈ ముగ్గురూ. ఆర్డరు రాసిన మీరు, కంట్రోల్ పారేసిన ఈయన, తనిఖీకి రాని మా ఆఫీసు."

చీఫ్ తల ఎత్తాడు. గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. స్టోరు గదిది.

"ఆమెని ఇంటికి పంపండి," అన్నాడు టెక్నీషియన్‌తో. అతను తాళంచెవి అందుకుని పరుగెత్తాడు.

నాకు అప్పుడు గెలిచినట్టనిపించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఒక నిమిషం పాటు బాగా సంతోషంగా ఉంది. పిన్ని అక్కగారింటికి నేనే వెళ్లి నీ చెల్లెలి తప్పు లేదని చెప్పాలనుకున్నాను. పెట్టెలన్నీ సీలు వేయాలి, రెండువందల పధ్నాలుగూ మళ్లీ చూడాలి. అగ్గిపెట్టె కోసం చెయ్యి చాచాను.

"అమ్మా."

అప్పటిదాకా మేడమ్ అన్న మనిషి. తిరిగి చూశాను. జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు, తెర మీద బోసినవ్వు పసిపిల్ల.

"ఒక్క స్లైడ్ చూస్తారా? రెండువందల యాభై తొమ్మిది."

"ఎవరిది?"

అతను ఫోను తెర వైపే చూశాడు. నేనే పెట్టె తెరిచి తీశాను. రంగు పోశాను. దీపం పెట్టాను. ఈసారి అతను సిలిండరు ముట్టుకోలేదు. మంట వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆవిరి లేస్తుండగా నాకు గుర్తొచ్చింది, పొద్దున నా చెవిలోంచి జారిపోయిన మాట. ఆయాకి నేనే దగ్గరుండి పరీక్ష చేయించాను. జ్వరం తగ్గలేదా? పళ్లొస్తున్నాయమ్మా.

"ఆమెకి దగ్గు ఎన్నాళ్లుగా?"

"రెండు నెలలు. ఆమె భయపడి మానేస్తానంది. పిల్లలతో ఉండేదాన్ని, ఎందుకొచ్చిన గొడవ అంది. నేనే వినలేదు. పరీక్షలో లేదని వచ్చింది కదా అని బతిమాలి మళ్లీ పంపా. పాప ఆమె దగ్గర తప్ప నిద్రపోదు."

"గదిలో పిల్లలు ఎంతమంది?"

"పదకొండుమంది."

"పాపకి జ్వరం ఎన్ని రోజులు?"

"అయిదు."

నీలం కడిగి ఆరబెట్టాను. మూడూ పన్నెండు. కన్ను పెట్టాను. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. ఎక్కడ చూస్తే అక్కడ ఎర్రపుల్లలు, గుత్తులు గుత్తులుగా.

నేను చెప్పేదాకా అతను ఆగలేదు. నా భుజం ఎలా దిగిందో చూశాడంతే.

"ఆయాకి మాస్క్ ఇచ్చి బయటికి పంపండి, ఆమెని ఒక్క మాట అనొద్దు!" నేను అరుస్తూనే ఉన్నాను. "పసిపిల్లల్లో ఇది మెదడుకి ఎక్కుతుంది. పాపని ముందు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. కిటికీలు తెరవండి!"

అతను అప్పటికే వరండాలో ఉన్నాడు. నడుం దగ్గర తాళాల గుత్తి ఎగిరెగిరి పడుతున్న చప్పుడు మెట్లు దిగి దూరమైంది. మూడుంబావు టీ బెల్లు మోగింది.

బల్ల మీద అతను వదిలేసిన ఫోను నవ్వడం మొదలుపెట్టింది. కిలకిలా, ఆగకుండా. తెర మీద 'అమ్మాయి' అని పడుతోంది. తీశాను.

"నాన్నా, పాప పొద్దుట్నుంచీ పాలు పట్టట్లేదు. పిలిస్తే కళ్లు తెరవట్లేదు. మెడ అదోలా వెనక్కి వాలుస్తోంది."

"అమ్మా, నేను మీ నాన్నని కాదు. ఆయన వస్తున్నారు. పాప ఇప్పుడు ఎక్కడుంది?"

"ఇక్కడే, పిల్లల గదిలో," అందా అమ్మాయి. "ఆయమ్మ గుండెకి హత్తుకుని జోకొడుతోంది."